పుక్కెడు తీర్థం

మణిమంత రాజ్యానికి తలమానికమని కవులు పొగిడే శ్వేతగిరి ఆ పూట నల్లకంబళి కప్పుకుని కూర్చున్నట్టుంది. ఆషాఢపు మబ్బు కొండను సగానికి మింగేసింది. మిగిలిన సగంలో ఏడు ప్రాంగణాలు ఒకదాని కింద ఒకటి మెట్లు మెట్లుగా దిగుతూ కనిపిస్తున్నాయి. అన్నిటికన్నా పైదానికి పాలరాతి స్తంభాలు, పగడాలు పొదిగిన తోరణాలు, నెమలి కంఠం రంగు పట్టు పరదాలు. దాని కిందిదానికి గంధపుచెక్క తలుపులు, ఆ కిందిదానికి ఇత్తడి రేకులు. అలా దిగి దిగి చిట్టచివరికి వచ్చేసరికి ఉత్త మట్టిగోడ, ఆ గోడ అవతల బురద. ఆ బురద మీదికి గోడలోంచి ఒక రాతి తూము పొడుచుకొచ్చి ఉంటుంది. దాని పేరు కరుణధార. ఆ పేరు పెట్టిన మహానుభావుడు దాని కింద ఎన్నడూ నిలబడి ఉండడు.

కొండ మీద మౌనసిద్ధుడనే వృద్ధయోగి ఉన్నాడు. ఆయన కమండలం వంచి పోసే తీర్థానికి రాతిజ్వరాన్ని కరిగించే శక్తి ఉంది. ఇది అబద్ధం కాదు. కాళ్ల నుంచో చేతివేళ్ల నుంచో మొదలై పైపైకి మనిషిని నల్లరాయిగా మార్చేసే ఆ మాయదారి జ్వరం ఆ తీర్థం తగిలినచోట విరుగుతుంది, గొంతు దిగితే ఒంట్లోంచే వెనక్కి పోతుంది. అబద్ధమంతా ఆ తర్వాతే ఉంది. తీర్థం ముందుగా రాజబంధువుల దోసిళ్లలో పడుతుంది. వాళ్ల వేళ్ల సందుల్లోంచి జారినది కాలువలో పడి కింది ప్రాంగణంలో దండనాయకులకు, వాళ్లు వాడుకోగా మిగిలింది ఆ కింద వర్తకులకు, ఆ మిగులు మరొకరికి, ఆ మిగులులో మిగులు ఇంకొకరికి. ఆఖరున తూములోంచి బురదనీళ్లుగా బయటపడేది ఉప్పుమడుల్లో పనిచేసే జనానికి. అది తాగి ఒక్కడికైనా నయమైందని ఎవరూ వినలేదు. ఎందుకు నయం కాదంటే, తూము పైన రాతిపలక మీద చెక్కించి పెట్టాడు పీఠపాలకుడు శరభాంకుడు: "మీ పాపమే మీ రాయి."

ఆ పలక కిందే, ఒక చింకిచాప మీద అంకి పడుకుని ఉంది. నిన్న సాయంత్రం ఆమెకు రాయి నడుము దాకా వచ్చింది. ఈ ఉదయానికి రొమ్ము దాటింది. అది పెదవులు మూసేస్తే ఇక తీర్థం పోయడానికి దారి ఉండదు.

ఆమె అన్న పోలన చాప పక్కన వంగి కూర్చున్నాడు. ఉప్పుమడిలో పుట్టి, ఉప్పుమడిలో పెరిగి, అరికాళ్లు ఉప్పుకు తినేసిన పోలన ఆ పూట పట్టుపంచె కట్టుకుని, ముత్యాల తలపాగా పెట్టుకుని, మెలితిప్పిన మీసంతో నాగకేసర ద్వీపాధిపతి అయి ఉన్నాడు.

అంకి అతన్ని ఎగాదిగా చూసి, ఊపిరి ఆపి ఆపి అంది. "అన్నా, ఆ మీసం నీకేం బాలేదు. ఎలకపిల్లని అంటించినట్టుంది."

"నువ్వు లేచాక పీకి పారేద్దువులే." పోలన నవ్వబోయాడు. నవ్వు రాలేదు. చెల్లెలి చేయి పట్టుకుంటే చల్లటి బండ తగిలింది. అతనికి ఏడుపొచ్చింది, భయమేసింది. ఏడిస్తే అంటించిన మీసం ఊడుతుందని అదీ మానుకున్నాడు.

తుప్పల వెనకనుంచి సన్నగా ఈల వినిపించింది. మంత్రి వేషంలో రాచప్ప పిలుస్తున్నాడు. ఊరూరా తిరిగి పగటివేషాలు వేసి పొట్టపోసుకునే ముసలివాడు. దారిలో మామూలు జ్వరం తగిలి పడిపోయిన తనకు ఈ అన్నాచెల్లెళ్లు గంజి పోశారన్న ఒక్క కారణానికి, తలపోయే ఈ పనికి ఒప్పుకున్నాడు.

"గడ్డం పైకెత్తరా అల్లుడా! ఇంకా, ఇంకా. ఎదుటివాడి నెత్తి తప్ప ఇంకేమీ నీకు కనపడకూడదు."

"మామా, చెప్పులేసుకుని గుమ్మం దాటాలంటే కాళ్లు రావట్లేదు."

"వస్తాయి. నీ కాళ్లు కావు అవి, ద్వీపాధిపతి కాళ్లు. ఎవడైనా ఏమైనా అడిగితే జవాబు చెప్పకు. జవాబు చెప్పేవాడు దొర కాడు. లాగి ఒక్కటి పీకు. లోపలికి గిన్నె, చెంబు ఏవీ తీసుకెళ్లనివ్వరు. నీ నోరే చెంబు. తీర్థం పుక్కిట పట్టు, మింగినట్టు గొంతు కదుపు, బయటికొచ్చి పిల్ల నోట్లో పొయ్యి. తెలిసిందా?"

"తెలిసింది."

"దొరలు తెలిసిందనరు. ఊఁ అంటారు."

"ఊఁ" అన్నాడు పోలన.

మట్టిగుమ్మం దగ్గర భటులు వంగి దండం పెట్టారు. నిన్న ఇదే భటులు అతన్ని బల్లెపు మడమతో తోశారు. మెట్లెక్కుతుంటే ఒక్కొక్క ప్రాంగణంలో గాలి వాసన మారిపోయింది. ముందు చెమట, తర్వాత నూనె, ఆపైన సాంబ్రాణి. నడిమి ద్వారం మీద నిలువెత్తు ఇత్తడి నెమలి ఉంది. నీచమైన పుట్టుక పుట్టినవాడు అడుగుపెడితే అది కేక వేస్తుందని దేశదేశాలా ప్రఖ్యాతి. పోలన దాని ముందు ఆగిపోయాడు.

రాచప్ప మీసం చాటున నవ్వాడు. "భయపడకు. దాని పొట్టలో ఒకడు కూర్చుని బూర ఊదుతాడు. వయసులో ఉండగా కొన్నాళ్లు ఆ కొలువు నేనే చేశా."

"మరి ఎవరి పుట్టుక ఏంటో ఎట్టా తెలిసేది?"

"చెప్పులు చూసి ఊదేవాణ్ణి."

నెమలి కేక వేయలేదు. ఇద్దరూ పై ప్రాంగణం చేరారు.

అక్కడ నేలంతా చంద్రకాంత శిలలు. మబ్బు వెలుతురులో కూడా అవి పాలలా మెరుస్తున్నాయి. నలుమూలలా వెండి ధూపపాత్రలు, గున్న ఏనుగుల ఆకారంలో దీపస్తంభాలు, గొడుగులు పట్టిన పరిచారికలు. మెత్తటి ఆసనాల మీద వరసగా రోగులు. ఒక దొరగారికి రాత్రి తాగినది తలకెక్కి దిగలేదట. ఇంకొకాయనకు నిద్రలో పీడకలలు. ఒక సామంతుడైతే తన పంచవన్నెల చిలుకను తెచ్చాడు. రెండు రోజులుగా అది జామపండు ముట్టడం లేదట. ఆ చిలుకకూ ముక్కు తెరిచి తీర్థం పోశారు. కింద బురదలో ఎంతమంది బండలవుతున్నారో పోలన కళ్లారా చూసి వచ్చాడు. అతనికి ఒళ్లు మండిపోయింది.

నడుమ బంగారు పీఠం మీద మౌనసిద్ధుడు కూర్చున్నాడు. మెడనిండా, నడుమునిండా పూలదండలు. పోలన మోకరిల్లినప్పుడు ఆ పూల మధ్య ఏదో మెరిసింది. గొలుసు! ముసలాయన నడుముకు చుట్టి పీఠానికి బిగించిన ఇనుపగొలుసు! దాని మీద పూలు కప్పి లోకానికి చూపిస్తున్నారు. పోలన నిర్ఘాంతపోయి తలెత్తాడు. సిద్ధుడి కళ్లు అతని కళ్లను చూసి మెల్లగా ఒక్కసారి మూసుకుని తెరుచుకున్నాయి.

కమండలం వంగింది. తీర్థం పోలన దోసిట్లో పడింది.

రాచప్ప అతనికి నడక నేర్పాడు. ఉమ్మడం నేర్పాడు. దగ్గడం కూడా నేర్పాడు. ఒక్కటి మాత్రం చెప్పడం మరిచాడు, ఎందుకంటే అది చెప్పవలసిన సంగతని ఆయనకు తోచలేదు. ఆ ప్రాంగణంలో దొరలు తీర్థం పట్టేటప్పుడు వేళ్లు వదులుగా పెట్టి సగం కిందికి జారనివ్వాలి. దాన్ని దయ విడవడం అంటారు. ఎంత ఎక్కువ జారితే అంత గొప్ప వంశం. ఇక పోలన ఉప్పుమడుల మనిషి. అక్కడ చుట్టూ సముద్రమే కానీ తాగడానికి చుక్క ఉండదు. మంచినీళ్లు పడవలో ఎప్పుడో వస్తాయి. నడక రాకముందే పిల్లలకు తల్లులు నేర్పేది దోసిలి బిగించడం. పోలన వేళ్లు వాటంతట అవే బిగుసుకున్నాయి. అతను తల వంచి నీళ్లన్నీ పుక్కిట పట్టాడు. ఒక్క చుక్క తప్పించుకుని ముంజేతి మీదుగా మోచేతికి జారింది. బిగించిన పెదవులే దాని వెంటపడి అందుకున్నాయి.

ధూపం వేసేవాడు ధూపం వేయడం మానేశాడు.

పరదా చాటునుంచి శరభాంకుడు ముందుకొచ్చాడు. పొడుగాటి మనిషి, బూడిద రంగు కళ్లు, చేతిలో ఎముకపిడి వేసిన విభూతి సంచి. "నాగకేసరాధీశా! తమ ద్వీపంలో దయ విడిచే ఆచారం లేదా?" అని మృదువుగా అడిగాడు.

పోలన నోరు విప్పలేడు. రాచప్ప చటుక్కున ముందుకొచ్చాడు. "మహాత్మా, మా ప్రభువులు మౌనవ్రతంలో ఉన్నారు."

"మోచేయి నాకే ప్రభువును నేనెక్కడా చూడలేదు. ఉప్పుమడుల్లో మాత్రం చూశాను." శరభాంకుడి గొంతు ఒక్కసారి గుడిగంటలా మోగింది. "దొంగ! కింద నిరుపేదలు గొంతెండి ఎదురుచూస్తుంటే వాళ్ల వాటా దొంగిలించాడు!"

దొరలందరికీ ఒక్కసారిగా పేదల మీద జాలి పుట్టుకొచ్చింది. "అయ్యో పాపం, కిందివాళ్లు!" అన్నారు ఆసనాల మీదినుంచి. చిలుక సామంతుడు కళ్లు కూడా తుడుచుకున్నాడు.

"పరుగెత్తరా అల్లుడా!" అని అరిచి రాచప్ప పీఠపాలకుడి రెండు కాళ్లూ చుట్టేసుకున్నాడు. శరభాంకుడు వెల్లకిలా పడ్డాడు. భటులు ముసలివాడి మీద పడి బల్లేల మడమలతో పొడవసాగారు. ఆ దెబ్బలు పోలనకు వినబడ్డాయి. వెనక్కి తిరగాలని ప్రాణం కొట్టుకుంది. తిరిగితే అంకి పోతుంది. తిరగలేదు. ఆ పాపం తన ఖాతాలోనే పడిందని తెలిసి తెలిసి కాళ్లకు బుద్ధి చెప్పాడు.

పడిన చోటనే శరభాంకుడు గుప్పెడు విభూతి గాల్లోకి చల్లాడు. ఆ బూడిద సుడి తిరిగి, సాగి, నాలుగు కాళ్లతో నేల మీదికి దిగింది. పొగకుక్కలు! వాటికి పళ్లు లేవు, మొరుగు లేదు. అవి ముట్టుకున్న చోట ఒంట్లో వేడి చచ్చిపోతుంది. మొదటిది పోలన ఎడమభుజాన్ని తాకింది. ఆ చేయి అక్కడికక్కడే చచ్చుబడి వేలాడింది. అతను కేక వేయలేదు. వేస్తే నీళ్లు పోతాయి.

గంధపు తలుపుల దగ్గర కాపలావాడు బల్లెం అడ్డుపెట్టాడు. "ప్రభూ, ఏమిటా గోల? ఎక్కడికి తమరు?"

పోలన బాగున్న చేత్తో వాడి చెంప చెళ్లుమనిపించాడు. కాపలావాడు వెంటనే వంగి తలుపు తీశాడు. కింది గుమ్మంలోనూ అదే పని చేశాడు, అక్కడా తలుపు తెరుచుకుంది. ఆ రాజ్యంలో అంతకన్నా నమ్మకమైన తాళంచెవి లేదు. కానీ నెమలి ద్వారం చేరేసరికి పైనుంచి బూరలు మోగాయి. ఇత్తడి నెమలి కొండ అదిరేలా కేక వేసింది. ఇనుపతలుపు దబ్బున పడింది. వెనక పొగకుక్కలు, ముందు ఇనుము. పక్కన మిగిలింది ఒక్కటే, తీర్థపు కాలువ.

పోలన తలపాగా విసిరేసి అందులోకి దూకాడు.

అది మనిషి పడుకుంటే పట్టేంత రాతి కాలువ. నాచుతో జారుతోంది. కుక్కలు అంచు దగ్గర ఆగి, తడి సోకగానే ఉత్త మసిగా కరిగిపోయాయి. పోలన వెల్లకిలా జారుకుంటూ ప్రాంగణం తర్వాత ప్రాంగణం కిందికి పోయాడు. ఒకచోట ఎవరో కాళ్లు కడుగుతున్నారు. ఒకచోట పుక్కిలించి ఉమ్మారు. ఒకచోట గుర్రాన్ని తోముతున్నారు, ఆ కింద మాసిన గుడ్డలు జాడిస్తున్నారు. అన్నీ అతని మొహం మీదుగానే పారాయి. ఇన్నేళ్లుగా తన తల్లి, తండ్రి, పక్కింటివాళ్లు చేతులు జోడించి కళ్లకద్దుకుని తాగిన నీళ్లు ఇవి! వాంతి వస్తే అంతా పోతుంది. ముక్కుతో గాలి పీల్చి, పళ్లు బిగించి, కళ్లు మూసుకున్నాడు.

ఇంతలో పైన ఎవరో అడ్డుపలక దించారు. కాలువ నీళ్లు సన్నగిల్లి ఆగిపోయాయి. పోలన ఆఖరి గోడలో ఇరుక్కున్నాడు. భుజం చర్మం చీరుకుపోయేలా ఒళ్లు మెలితిప్పి, తూములోంచి తలకిందులుగా బురదలో పడ్డాడు.

సరిగ్గా అప్పుడే గోడ మీద చాటింపువాడు డప్పు మోగిస్తున్నాడు. "వినండహో! ఉప్పుమడుల దొంగ ఒకడు దొరవేషంలో పైకి చొరబడి ఈనాటి కరుణనంతా తాగేశాడు! అందుకే ధార ఎండింది! ఇక మళ్లీ ఎప్పుడు పారుతుందో పీఠపాలకుల వారి చిత్తం!"

తెల్లారకముందు నుంచీ తూము కింద నిలబడ్డ జనం ఎండిన తూమును చూశారు. దాని కింద చిరిగిన పట్టుపంచెతో లేస్తున్న మనిషిని చూశారు. అందరూ అతనివాళ్లే. ఉప్పు తిన్న అరికాళ్లే.

"వీడేరా!"

"నా బిడ్డకి గొంతు దాకా వచ్చిందిరా, ఓరి నీ చేతులు పడిపోను!"

రాళ్లు పడ్డాయి. కర్రలు పడ్డాయి. పోలన తల అడ్డంగా ఊపాడు, చేత్తో అంకి చాప వైపు చూపించాడు, కాళ్లా వేళ్లా పడ్డాడు. నోరు తెరిచి ఒక్క మాట చెబితే చాలు, అందరికీ అర్థమయ్యేది. ఆ ఒక్క మాటే అతను చెప్పలేడు. జనం కాళ్ల సందుల్లోంచి అంకి మొహం కనిపించింది. నల్లదనం గడ్డం దాటి కింది పెదవి అంచును పట్టింది. కళ్లు మాత్రం అతన్నే చూస్తున్నాయి.

"నోట్లో ఏదో పెట్టుకున్నాడు! తెరిపించండ్రా!" అంటూ ఒక ఆడమనిషి అతని గుండెల మీద మోకాలు పెట్టింది. ఆమె పేరు దానమ్మ. నడివయసు మనిషి. కుడిచేతి వేళ్లు అప్పటికే రాయైపోయాయి. ఆ రాతివేళ్లతోనే ఆమె అతని దవడలు పట్టి నొక్కింది. ఎముక విరిగినంత నొప్పి. పోలన పళ్లు బిగించాడు. ఆమె ఇంకా నొక్కింది. పెదవులు విడిపోయాయి. తీర్థం సగానికి సగం చెంపల మీదుగా కారిపోయింది.

జనం నేల మీద పడి ఆ బురదను నాకసాగారు.

దానమ్మ మాత్రం కదల్లేదు. కారిన నీళ్లు ఆమె వేళ్ల మీదుగా పారాయి. పారిన చోటల్లా నలుపు విరిగి, చామనఛాయ పైకి తేలింది. బొటనవేలు వంగింది. చూపుడువేలు వంగింది. ఆమె తన చేతిని తన మొహం ముందు పెట్టుకుని, ఎవరిదో అన్నట్టు చూసింది.

"వదలండి!" అని గొంతు చించుకుని అరిచింది. "వదలండ్రా వాణ్ణి! ఎవరూ ముట్టుకోకండి!"

పోలన పాకుతూ చాప చేరాడు. మిగిలింది ఒక్క గుక్క. దాన్ని అరచేతిలోకి వదిలి, అంకి పెదవుల మధ్య మిగిలిన సన్నటి సందులో పోశాడు. ఆ పిల్ల గొంతు కదిలింది. గడ్డం మెత్తబడింది, మెడ మెత్తబడింది, రొమ్ము ఒక్కసారి పైకి లేచి పెద్ద ఊపిరి తీసింది. నలుపు కడుపు దాకా తగ్గి, నడుము దగ్గరికొచ్చి ఆగిపోయింది. ఇక నీళ్లు లేవు. కాళ్లు బండగానే ఉన్నాయి.

"అన్నా, నీళ్లు తియ్యగున్నాయి" అంది అంకి.

పోలన వెక్కి వెక్కి ఏడ్చాడు.

జనం లేచి చుట్టూ నిలబడ్డారు. అంకి వాళ్ల పిల్లే. ఆమె తల్లి ఎవరో, ఆ తల్లి తల్లి ఎవరో వాళ్లకు తెలుసు. ఆ పిల్ల మీద తీర్థం పనిచేసింది. దానమ్మ వేలి మీదా పనిచేసింది.

దానమ్మ తడి చేతిని చెరగులో పొదువుకుని పోలన ముందు కూలబడింది. "పోయిన వానల్లో నా కొడుకు ఈ తూము కిందే పోయాడు నాయనా" అంది. "పాపం వల్లే కరగటం లేదన్నారు. వాడికి అప్పటికి పాలపళ్లు కూడా ఊడలేదు. ఏం పాపం చేశావో చెప్పరా, చెబితే తగ్గుద్ది అని పట్టి కుదిపాను. తిట్టాను. కొట్టాను కూడా. గొంతు మూసుకుపోయే ముందు చెప్పాడు. 'బెల్లం ముక్క దొంగిలించానమ్మా' అన్నాడు. అదేనేమో అనుకున్నాను. ఇన్నాళ్లూ అదే అనుకున్నాను."

పోలన చెల్లెలి తల ఒడిలోకి తీసుకున్నాడు.

దానమ్మ లేచింది. గోడ మీది చాటింపువాడి వైపు తలెత్తి, "బెల్లం ముక్క" అంది, మామూలు గొంతుతోనే. వాడు డప్పు వెనక్కి తప్పుకున్నాడు. గోడ లోపల భటుల కేకల మధ్య ఏనుగు ఘీంకరించింది. మట్టిగుమ్మం గడియలు ఒక్కొక్కటే ఊడుతున్న చప్పుడైంది. పోలన సగం రాయైన చెల్లెల్ని బాగున్న చేత్తోనే వీపున వేసుకుని నిలబడ్డాడు. పారిపోవడానికి దారి కోసం చుట్టూ చూశాడు.

దారి చాలా ఉంది. ఎవరూ పారిపోవడం లేదు. అందరూ గుమ్మం వైపు తిరిగి నిలబడ్డారు.